ఉప్పు చూసే చెవి

బత్తలపల్లి రూతమ్మకు రుచి తెలియక ఏళ్లవుతోంది. కరోనా జ్వరం ఆమె నాలుక మీది రుచినీ, మొగుడు ఇమ్మానుయేలునీ ఒకే వారంలో తీసుకుపోయింది. అప్పటినుంచి ఆమె తిండిని పాటలతో గుర్తుపెట్టుకుంటోంది. రాగిసంగటి అంటే చర్చిలో ముసలాళ్లు అందుకునే బొంగురు పల్లవి. శనక్కాయల ఊరిబిండి పచ్చడి అంటే కంజీర మోత. వీధిలో పెళ్లి డీజే మోగితే, "మసాలా ఎక్కువేసినారు" అని ముఖం చిట్లిస్తుంది. క్రిస్మస్ పాట మొదలైతే పాయసం దిగుతున్నట్టు గుటక వేస్తుంది. "ఏమక్కా, ఈపొద్దు పాట ఏం కూర?" అని చర్చిలో ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వుతుంది.

ఇంట్లో పొయ్యి దగ్గరే తడబాటు. ఇమ్మానుయేలు ఏనాడూ వంట బాగుందని నోరు తెరిచి అన్నవాడు కాదు. ఉప్పు సరిపోతే ముద్దకూ ముద్దకూ మధ్య కూనిరాగం తీసేవాడు. చాలకపోతే పళ్లెం చప్పుడొక్కటే వినిపించేది.

నిన్న పక్కింటి పవిత్ర తోడు పెరుగు కోసం వస్తే, చెయ్యి పట్టి కూర్చోబెట్టి వంకాయ పులుసుతో అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని చెవి ఒగ్గింది.

"ఉప్పు చాలిందా పాపా?"

"బాగుండాది పెద్దమ్మా," అంది పవిత్ర, గబగబా తింటూ.

పళ్లెం చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

పవిత్ర వెళ్లాక రూతమ్మ పులుసులో చిటికెడు ఉప్పు వేసి కలిపింది. తన పళ్లెం ముందు కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. సరిపోయిందో లేదో వినడానికి, ఇమ్మానుయేలు తీసినట్టే సన్నగా కూనిరాగం తీసింది.