నాయన నిలబడిన శనివారాలు

బంగారుపాళ్యంలో హైవే పక్కన, మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కొద్ది దూరంలో ఒక బస్సు స్టాపు ఉంది. నేను తిరుపతిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ ప్రతి శనివారం సాయంత్రం నాయన అక్కడ నిలబడేవాడు. ఆ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, చేతులకు అంటిన మామిడి సొన వాసనతోనే వచ్చేవాడు. నేను దిగగానే నా సంచీ అందుకొని ముందు నడిచేవాడు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఆ పుస్తకాల బరువు మోయడం ఆయనకు ఇష్టంగా ఉండేదనుకుంటాను.

చివరి ఏడాది, పరీక్షల ముందు ఒక శనివారం నేను వెళ్లలేదు. రావడం లేదని చెప్పనూ లేదు. నాయన ఆఖరి బస్సు వరకు నిలబడ్డాడట. అది మామిడి సీజను. ఫ్యాక్టరీలో ఆదివారం కూడా సెలవు లేదు. ఆ తర్వాతి బుధవారం పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు.

మేము క్రైస్తవులం. నాయనకు చదువు రాదు. నేను లేఖనాలు చదివితే వినేవాడు. ఆయన పోయాక ఒంటరిగా చదువుకుంటూ, కూలివాడికీ పశువుకూ కూడా వారానికొక రోజు విశ్రాంతి ఇవ్వాలన్న ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను. దానిని ఇప్పటికీ పట్టుదలగా పాటించే ప్రజలున్నారని తెలుసుకొని, వారి మతంలో చేరతానని ముంబైలోని ఒక యూదు మత గురువుకు ఉత్తరం రాశాను. ఆయన రెండుసార్లు వద్దన్నారు. చేరదలచినవారిని మొదట వెనక్కి పంపడం వారి ఆచారం. మూడోసారి ఒప్పుకున్నారు. నాలుగేళ్లు ఫోనులోనే పాఠాలు సాగాయి.

అమ్మకు చెప్పినప్పుడు ఆమె చింతపండులో గింజలు తీస్తోంది.

“అంటే ఏసయ్యను వదిలేస్తావా?”

“అవునమ్మా.”

“సదువుకున్నోడివి, నీకు నేను సెప్పేదేముండాది! ఒగటి మాత్రం సెప్పు. మీ నాయన పరలోకంలో నీకోసరం సూస్తా ఉంటాడు గదా. నువ్వు ఆడికి రాకుండా ఇంకో దావన పోతే, ఆయనకు ఎవురు సెప్తారు?”

ఆనాటి నుంచి శనివారం సాయంత్రం నా గదిలో ప్రార్థనకు కూర్చుంటే నాయన ఆ స్టాపులో నిలబడినట్టు కనిపించేవాడు. నావైపు చూసేవాడు కాదు. బస్సు వచ్చే దిక్కుకే చూస్తుండేవాడు.

చదువయ్యాక నేను తిరుపతిలోనే ఉండిపోయాను. నిరుడు వేసవిలో, నన్ను చూడటానికి శనివారం మూడు గంటలకు అక్కడ దిగుతానని అమ్మ చెప్పింది. యూదుల విశ్రాంతి దినం శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా. ఆ సమయంలో నేను బండి ఎక్కను, ఫోను ముట్టను. శుక్రవారం పొద్దు గుంకకముందే దానిని ఆపివేశాను. మరునాడు బస్టాండుకు నడిచి వెళ్లి, మా ఊరి వైపు నుంచి వచ్చే చిత్తూరు బస్సులు ఆగే చోట నిలబడ్డాను. నాలుగయింది. అయిదయింది. అమ్మ దిగలేదు.

“ఎవురికోసరంప్పా ఇంతసేపట్నుంచి?” అని టీ కొట్టు ఆయన అడిగాడు.

“మా అమ్మ రావాలి.”

“ఫోన్ జేసి అడగరాదా? ఈ కాలంలో కూడా ఇట్ల నిలబడేటోళ్లు ఉండారా!”

వెళ్లిపోదామంటే, నేను కదిలిన మరుక్షణమే ఆమె దిగుతుందేమోనన్న భయం. ఆ భయం నా కాళ్లను నేలకు కట్టేసింది. నేను వెళ్లని ఆ శనివారం నాయన ఆఖరి బస్సు దాకా ఎందుకు ఉన్నాడో అప్పుడు తెలిసింది.

ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాయి. విశ్రాంతి దినం ముగిసింది. గదికి పోయి ఫోను తెరిచి అమ్మకు చేశాను.

“మోకాలు పట్టేసింది, బస్సు ఎక్కలేకపోతిని. రాలేనని సెప్పేదానికి ఎన్నిసార్లు సేసినానో! ఎంతసేపు నిలబడినావు?”

“చుక్కలు పొడిచేదాకా.”

“నిలబడేది మీ నాయనకు అలవాటేలే. నువ్వు నీ దావన పో, అబ్బయా,” అన్నది.

ఆ చలికాలంలో ముంబైలో ముగ్గురు గురువులు నన్ను ప్రశ్నించారు. చేరిక పత్రంలో తండ్రి పేరు దగ్గర నాయన పేరుకు బదులు, కొత్తగా చేరినవారందరికీ రాసినట్టే, యూదుల ఆదిపితరుని పేరు రాశారు. నేను అంగీకరించాను. వారి ఆచారం ప్రకారం నీళ్లలో మూడుసార్లు మునిగి లేచాను. యూదుణ్ణయ్యాను, ఆ నిర్ణయానికి విచారించడం లేదు.

కాని శనివారం సాయంత్రం అయిదు దాటితే, ప్రార్థన మధ్యలో ఇప్పటికీ తలెత్తి చూస్తాను. నాయన ఆ స్టాపులోనే నిలబడి ఉంటాడు. అమ్మ నన్ను పొమ్మన్నది. వచ్చే బస్సులో నేను లేనని నాయనకు చెప్పేవారు మాత్రం ఇంకా ఎవరూ దొరకలేదు.