ఫ్లష్‌లో వేడినీళ్ళు

ఆ రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల మేడలకంటే బండరాళ్ళే ఎక్కువ, నా బుర్రలో అనుభవంకంటే నమ్మకమే ఎక్కువ. ఇంజనీరింగ్ ముగించి గుంటూరు నుంచి వచ్చాను. తోటివాళ్ళంతా కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెడుతుంటే నేను ఎండను నమ్ముకుని, సోలార్ హీటర్లు అమ్మే చిన్న కంపెనీలో చేరాను. మూడు నెలలు తిరిగినా ఒక్కటీ అమ్మలేదు. "ఈ నెల కూడా ఇంతేనైతే టైపు పని చూసుకో అమ్మా" అనేశారు మేనేజరుగారు.

నేనుండే లేడీస్ హాస్టల్ యజమానురాలిని అందరం అత్తమ్మ అనేవాళ్ళం. పద్నాలుగు మందికి రెండు గీజర్లు. అందరికీ ఒకే వేళకు ఆఫీసులు, ఒకే వేళకు స్నానాలు. రోజూ ఫ్యూజు ఎగిరిపోయేది. అత్తమ్మ ఇంకో మూడు గీజర్లు కొనబోతోందని తెలిసి, వంటింట్లో కూర్చుని గంటసేపు ఉపన్యాసమిచ్చాను: బొగ్గు కాలిస్తే కరెంటు, బొగ్గు పొగతో భూమి వేడెక్కడం (కంపెనీ కరపత్రం నాకు కంఠోపాఠం). ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విని, "భూమి సంగతి తర్వాత బిడ్డా, జర నా నీళ్ళు వేడెక్కుతయో లేదో చెప్పు" అంది. "వేడెక్కుతాయండి, నాదీ పూచీ!" అన్నాను.

హీటరు బిగించే రోజు డాబా మీంచి కిందికి దిగే గొట్టాలు రెండు కనిపించాయి. ఒకదాన్ని చూపించి వేడినీళ్ళు ఇందులో కలపమన్నాను. ప్లంబర్ మిస్త్రీ గడ్డం గోక్కుని, "ఇది కాదనిపిస్తుంది మేడం, జర కిందికి పోయి చూసొస్తా" అన్నాడు. "ఇంజనీరు మీరా, నేనా?" అన్నాను (తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి).

మర్నాడు పొద్దున గీజర్లు ఆపేయించి, దీవెనల కోసం వరండాలో నిలబడ్డాను. స్నానాల గదుల్లోంచి "అమ్మో, చలి!" అని కేకలు. ఇంతలో మా గదిలోని రాయలసీమ అక్క మరుగుదొడ్డిలోంచి బయటికి దూకి, "ఏమ్మే, ఫ్లష్ నొక్కితే పొగలొస్తాండాయి!" అని అరిచింది.

అత్తమ్మ లోపలికి తొంగిచూసింది. "దొడ్డికి వేడినీళ్ళు, మనుషులకు సన్నీళ్ళా? మంచిగుంది బిడ్డా! పొద్దుమూకేలోపు సక్కగ చేస్తవా, ఊడదీస్కపోతవా?"

ఆఫీసు మాట మరిచి నేరుగా మిస్త్రీ ఇంటికి పోయి, "తప్పు నాదేనండి" అన్నాను. ఆయన ఒక్క మాట దెప్పలేదు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం" అని సంచీ భుజాన వేసుకున్నాడు. ఆయన డాబా మీద, నేను కింద కుళాయిల దగ్గర, కేకలు వేసుకుంటూ గొట్టాలు పోల్చుకున్నాం. మధ్యాహ్నం కాకముందే సరైనదానికి కలిపేశాం. అంత ప్రేమగా ఎండను నేనెప్పుడూ చూడలేదు.

తెల్లారాక పద్నాలుగో అమ్మాయి కూడా వేడినీళ్ళతోనే స్నానం చేసింది. వారం తిరిగేసరికి అత్తమ్మ చుట్టుపక్కల హాస్టళ్ళవాళ్ళను డాబా ఎక్కించి, "మా పిల్లనే పెట్టింది. గిట్ల అందరు పెట్టుకుంటే భూమికి జ్వరం తగ్గుతదంట" అని చెబుతుంటే మెట్ల మీద నిలబడి విన్నాను (నా గంట ఉపన్యాసం ఆమె నోట ఒక్క ముక్కలో తేలిపోయింది). ముగ్గురు అక్కడికక్కడే తమకూ కావాలన్నారు.

ఆ రోజే నాన్నకు ఉత్తరం రాశాను: "ఈ వారం భూమి వేడి కొంత తగ్గించాను." కార్డు ముక్క మీద జవాబొచ్చింది: "చాలా సంతోషం. వేళకు తింటున్నావా?" ఇప్పుడు పెద్ద పెద్ద భవనాలకు సౌర విద్యుత్తు లెక్కలు వేసిస్తున్నాను, తప్పులూ తక్కువే. కానీ అంత ధీమాగా ఆ వాక్యం రాయడం ఇక నా వల్ల కాదు. అలా రాసిన అప్పటి ఆ అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.