ఎంఆర్‌ఐలో కనిపించిన మా పంట బోదె

ఆ ఉదయం ఊడ్పులు చూసి గట్టు మీద వస్తుంటే, వెనక నుంచి ఒకావిడ కేకేసింది. "మణిగారూ, మీ ఎడం చెప్పు ఇక్కడే ఉండిపోయిందండీ!" చెప్పు జారిన సంగతి నాకు తెలియనే లేదు.

ముదినేపల్లి దగ్గర మా పొలం సాగు చేసేది నేనే. మావారు బడిలో మాస్టారు. నడుం నుంచి కాల్లోకి దిగే నొప్పి నాకు కొత్త కాదు. పాదం తిమ్మిరి బురదలో నిలబడినందువల్లేనని, ఊడ్పులయ్యేదాకా కొబ్బరినూనె రాసుకుంటూ తిరిగాను. ఈలోగా బొటనవేలు పైకి లేవడం మానేసింది.

ఏలూరులో ఎంఆర్‌ఐ తీశారు. డాక్టరుగారు ఫిల్మ్ చూపించి, "నడుం దగ్గర ఎల్-ఫోర్, ఎల్-ఫైవ్ ఎముకల మధ్య డిస్క్ బయటికొచ్చి నెర్వ్‌ని, అంటే కాలికెళ్లే నరాన్ని, నొక్కేస్తోందమ్మా. నీళ్ల పైపు మీద కాలేసినట్టు. పాదం లేవకుండా వాలిపోయే ఫుట్ డ్రాప్ మొదలైంది, ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు.

వెన్నుకు ఆపరేషనంటే మంచాన పడ్డట్టేనని చుట్టాలు అప్పటికే హడలగొట్టారు. నేను మంచాన పడితే సాగు ఎవరు చేస్తారు? వద్దన్నాను.

ఫిల్మ్‌లో తెల్లటి గీత ఒకటి కిందికి దిగుతూ, ఒకచోట నొక్కుకుపోయి ఉంది. కాలువ నుంచి చేలోకి నీరు తెచ్చే మా పంట బోదె, గట్టు జారి పూడితే అచ్చం అలాగే ఉంటుంది. "అయితే పర్లేదండీ" అన్నాను ధీమాగా. "కాలువకి నిండుగా నీరొదిలితే మా బోదెలో మట్టి దానంతటదే కొట్టుకుపోద్ది. ఇదీ అలాగే సర్దుకుంటుంది."

ఆయన నవ్వలేదు. "ఆ నీరొచ్చేదాకా శివారు చేలో పైరు ఆగుతుందామ్మా?"

కాలువ చివరనుండే శివారు పొలమే మాది. ఎండిపోయాక ఎంత నీరు పెట్టినా పైరు లేవదని నాకొకరు చెప్పాలా? ఇక్కడ నా పాదమే శివారు. "చేసెయ్యండి డాక్టరుగారూ" అన్నాను.

ఆపరేషన్‌తో కాలి నొప్పి పోయింది. వేలు మాత్రం లేవలేదు. ఏడ్చాను. "నెర్వ్ నెమ్మదిగా కోలుకుంటుందండీ, మీరు పాదం ఎత్తే వ్యాయామం మానకండి" అంది ఫిజియోథెరపీ అమ్మాయి. మానలేదు. వంట చేస్తూ, టీవీ చూస్తూ, చర్చిలో కూర్చుని కూడా పాదం ఎత్తుతూనే ఉన్నాను. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రసంగం మధ్యలో వేలు కదిలింది! మావారి మోచెయ్యి పట్టుకుని గుంజాను.

"అయ్యగారు వాక్యం చెబుతున్నారు, ఊరుకో మణీ."

"ముందు నా కాలు చూడండీ!"

ఈ ఏడు సాగు మళ్లీ నాదే. బరువులెత్తను. కానీ గట్టు మీద మావారికంటే ముందు నడుస్తున్నాను. గర్వంగానే చెబుతున్నాను.

కాలికో చేతికో బలం తగ్గితే ఆగకుండా చూపించుకోండి. ఫిల్మ్ చూసి మీకేమర్థమైందో డాక్టరుకు పైకి చెప్పండి. నేను చెప్పబట్టే ఆయన నా తప్పు దిద్దారు, నా చెప్పు నా కాలికి ఉంది.