పిట్టల పిచ్చి ఎవరిది?

గడియారాలు బాగుచేసే బాబాయి నిద్రలో పిట్టలా కూస్తాడని వీధంతా ఒక పుకారు. విన్నవాళ్లు లేరు, నమ్మనివాళ్లూ లేరు.

కూత సంగతెలా ఉన్నా పిట్టల పిచ్చి మాత్రం నిజం. చలి అంటే ఏమిటో ఎరగని ఓ దేశపు అడవిలో మూరెడు తోక పిట్ట ఒకటుందట. ఆ తోక పెరిగేది వానల్లోనే. అప్పుడు అటు పోయే ప్రయాణికుడే ఉండడు. బాబాయి వెళితే అప్పుడే వెళ్లాలి. కానీ పిన్ని లేకుండా ఆయన వీధి మలుపు కూడా దాటడు. ఆదివారం సాయంత్రం దాకానే రెండు సీట్లు ఆపుతానంది విమానం టికెట్లమ్మే అమ్మాయి.

“అందరూ వద్దనుకున్న కాలంలో మనమా? జలగలుంటాయి,” అంది పిన్ని.

“జనం రారు కాబట్టే పిట్టలొస్తాయే!”

“జలగలూ అందుకే వస్తాయి. ముందు కిటికీలోంచి ఒక్క పిట్టని చూపించండి. నచ్చితే వస్తా.”

చూపిద్దామంటే బైనాక్యులర్‌లో కుడివైపంతా చీకటే. బాబాయి దాన్ని డెబ్భైసార్లు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. చీకటి చీకటిగానే ఉంది. ఆదివారం రానే వచ్చింది. టికెట్లమ్మాయి ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది.

“వద్దని చెప్పెయ్. పాడైనదానితో ఏం చూపిస్తాను?” అన్నాడు బాబాయి, మొహం వేలాడేసి.

పిన్ని ఫోన్ పక్కన పెట్టి, బైనాక్యులర్ కళ్లకానించి ఎదురింటి నీళ్లట్యాంకు వైపు చూసింది. నోరు తెరిచింది, మూయలేదు.

“ఏమండీ! గోరింక! కంటి పక్కన పసుపు పూసినట్టుంది. నోట్లో పుల్ల!”

“రెండువైపులా కనిపిస్తోందా?”

“శుభ్రంగా. ఏదీ, మీరు పెట్టుకోండి.”

పెట్టుకున్నాడు. పిన్ని పడీపడీ నవ్వింది.

“కుడికన్ను మూసేశారు కదండీ! ముప్పై ఏళ్లు ఎడమకంటికి భూతద్దం పెట్టుకుని గడియారాలు చూసిన అలవాటు! ఆడలేక మద్దెల ఓడన్నాడట!”

రెండు వేళ్లతో ఆయన రెప్ప ఎత్తి పట్టుకుంది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. గోరింక ఏనుగంత కనిపించింది.

పిన్ని ఫోన్ అందుకుంది. “అమ్మాయ్, రెండు సీట్లూ ఖాయం చెయ్యి. కిటికీ పక్కది నాకు.”

ఇదంతా నిజమేనా అని నేను అడిగితే బాబాయి కస్సుమన్నాడు.

“అంతా కట్టుకథ! నా కన్ను నేనే మూసుకుంటానా? అసలు పిట్టల పిచ్చి మా ఆవిడది. వానలో ఒంటరిగా ఎలా పంపను? తోడు వెళ్తున్నా, అంతే!”