ఊకొట్టిన మా ఆయన

శృంగవరపుకోటలో చుట్టాలింటికి రెండు రోజులకని వెళ్లి, ఓ సాయంత్రం జముకుల కథ వినడానికి కూర్చున్నాం. పాడే ఆవిడ జముకు మోగిస్తూ, ముందు వరసలో ఉన్న మా ఆయన్నే పట్టుకుంది.

"మావా, నువ్వు ఊకొట్టాల. నువ్వాపితే నాను పాట ఆపేస్తాను."

ఇక చూడాలి! ఒక్క చరణం వదలకుండా "ఊఁ, ఊఁ" అంటూ ముందుకు వంగిపోయాడు. ఇంట్లో నేనెంత వాగినా ఫోన్లోంచి తలెత్తని మనిషి! నాకు కడుపు మండిపోయింది. ఆవిడ గొంతు బొంగురని పక్కావిడతో అనేశాను కూడా. నిజానికి అది బంగారం లాంటి గొంతు.

తిరుగు బస్సులో కడిగేశాను. "ఆవిడికైతే ఊకొడతావు, నాకెందుకు కొట్టవేటి?"

"ఆవిడ కతలో తప్పంతా రాజుది. నీ కతలో తప్పెప్పుడూ నాదే కదేటే!"

కొత్తవలస దాటాక మళ్లీ మొదలుపెట్టాను. "అనగనగా ఒక రాజు. పెళ్లాం మాట వినేవోడు కాడు."

"ఊఁ" అన్నాడు.