ప్రార్థన డబ్బాలో మా ఇంటి చీటీ

సహోదరులారా, సహోదరీలారా! ఈ మైకు ముందు నిలబడి నేను ఇంతకుముందు చాలాసార్లు సాక్ష్యం చెప్పాను గానీ, ఆ సాక్ష్యాల్లో దేవుని గొప్ప కంటే నా గొప్పే ఎక్కువగా ఉండేదని ఈరోజు సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. నాకు తాగుడు లేదు, పేకాట లేదు, నాకు విడుదలతో పనేముంది అనుకునేవాణ్ని. నన్ను పట్టిన జబ్బుకు పేరు లేదు, అందుకే అది అన్నేళ్లు నన్ను వదల్లేదు!

నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యానని, నా భార్య కరుణమ్మ ఒక స్కూల్లో ఆయాగా చేసి మానేసిందని మీలో చాలామందికి తెలుసు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాకు కామెర్లు ముదిరి సర్కారు దవాఖానాలో నెల రోజులు పడి ఉన్నాను. అప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక ముసలమ్మ రోజూ గిన్నె మోసుకొచ్చి వార్డంతా రాగిజావ పోసేది, ఆ జావతోనే నేను బతికాను, నాకు కాపలా ఉన్న కరుణమ్మా బతికింది. "ప్రభువా, ఈయన్ను లేపు తండ్రీ, మా కొలువులు ఒడిసినంక మేమిద్దరం గూడ గిట్లనే జావ పోస్తం" అని ఆమె నా మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసింది. దేవుడు నన్ను లేపాడు! ఆమె ఆ మాట మరిచిపోలేదు, నేను రిటైరయ్యే ఏడాది ఒక పెద్ద గిన్నె కొని అటక మీద పెట్టుకుంది.

మరి రిటైరయ్యాక ఏమైంది? కొడుకు సుధాకర్‌కు ఇద్దరు పిల్లలు, వాళ్లు మా ఇంటి పైఅంతస్తులోనే ఉంటారు, బిడ్డ మేరీ మౌలాలి నుంచి పొద్దున్నే తన పాపను తెచ్చి మా దగ్గర వదిలి ఆఫీసుకు పోయేది, ముగ్గురికీ తినిపించడం, స్కూలు ఆటో ఎక్కించడం, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకోవడం అంతా కరుణమ్మే! నాకొచ్చిన పీఎఫ్ డబ్బుతో పైఅంతస్తు వేయించాను, అల్లుడికి బండి కొనిచ్చాను, ఎవరేమడిగినా "తీస్కపోండి బిడ్డా, మీకు గాక మాకెందుకు?" అనేవాణ్ని. ఆదివారం వచ్చి ఇక్కడ నిలబడి "పిల్లల కోసం సమస్తం ఇచ్చేశాము" అంటే మీరందరూ చప్పట్లు కొట్టేవారు. తాగేవాడికి కల్లు ఎట్లాగో నాకు ఆ చప్పట్లు అట్లా అయిపోయాయి.

ఈలోగా కరుణమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. గోడ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగేది, నేను చూసి కూడా "జర నూనె రాస్కో" అని పేపరు చదువుకునేవాణ్ని! డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు, దానికోసం ఆమె పేరు మీద కొంత డబ్బు బ్యాంకులో వేసి ఉంచాము, మాకు మిగిలింది అదొక్కటే. పిల్లలు బాధపడతారని ఆపరేషన్ సంగతి వాళ్లకు చెప్పలేదు.

ఒక శుక్రవారం సుధాకర్ వచ్చి, "నాయినా, ఉప్పల్ బస్టాండు కాడ సెల్‌ఫోన్ల షాపు దొరికింది, సోమవారం అడ్వాన్స్ కట్టకుంటే చెయ్యి జారుతది, అమ్మ పేరు మీదున్న పైసలు ఇయ్యరాదా, ఏడాదిల తిరిగిస్త" అన్నాడు. నేను కరుణమ్మ వైపు తిరిగి కూడా చూడకుండా "ఫికర్ జెయ్యకు, సోమవారం బ్యాంకుకు పోదాం" అనేశాను. ఆమె తలెత్తకుండా రొట్టెలు చేస్తూనే ఉంది. సరేనన్నట్టే కదా అనుకున్నాను, అంత గుడ్డివాణ్ని!

మర్నాడు శనివారం, మన ఉపవాస ప్రార్థన. ఎవరికైనా నోటితో చెప్పుకోలేని మనవి ఉంటే పేరు రాయకుండా చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు, సంఘ పెద్దనని వాటిని చదివే పని నాది, బాయిలర్ చప్పుడు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు కదా, మైకు లేకపోయినా గల్లీ దాకా వినబడుతుంది! ఆ రోజు నాలుగో చీటీ తీసి చదివాను: "తండ్రీ, నా మోకాళ్లు ఇగ నడువనిస్తలేవు. ఆపరేషన్ కోసం దాచిన పైసలు సోమవారం పోతున్నయి. నా పిల్లల మీద నాకు కోపం లేదు. నీకిచ్చిన మాట తీర్చకుండనే సచ్చిపోతనేమో అని భయమైతుంది. మా ఆయనకు నేను చెప్పలేను, నువ్వే చెప్పు."

చదివేసరికి నాకు కోపమొచ్చింది సహోదరులారా! "ఇట్లాంటి భర్తలు కూడా ఉన్నారు! ఆ మనిషి కళ్లు దేవుడు తెరవాలి, అందరూ ఆమేన్ అనండి!" అన్నాను. మీరందరూ ఆమేన్ అన్నారు. చీటీ పక్కన పెట్టబోతే అది తిరగబడింది, వెనకవైపు ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసిన మూడు చక్రాల బస్సు కనిపించింది. ముందురోజు మేరీ బిడ్డ కోసం నేను గీసిన బస్సే, నాలుగో చక్రం గీయకముందే పాప నా చేతిలోంచి పెన్ను లాక్కుంది!

నేను తలెత్తి ఆడవాళ్ల వైపు చూశాను. చాపల మీద కూర్చోలేక ఆడవాళ్ల వెనక కుర్చీలో కూర్చున్న కరుణమ్మ తలమీద కొంగు ఇంకా కిందికి లాక్కుంది. నేను అక్కడే మోకాళ్ల మీద పడి, "ప్రభువా, ఆ మనిషిని నేనే! ఆమె నిన్ను చెప్పుమన్నది, నువ్వు నా నోటితోనే నాకు చెప్పినవు!" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. మీరూ నాతో ఏడ్చారు. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో కరుణమ్మ, "గట్ల అందరి ముందట ఒప్పుకోవాల్నా? ఇజ్జత్ అంత తీసుకుంటివి!" అని తిట్టింది, తిడుతూనే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అంతటితో అయిపోలేదు. సోమవారం సుధాకర్‌కు కారణం చెప్పకుండానే డబ్బు ఇవ్వలేనన్నాను, నా జన్మలో వాడికి లేదన్నది అదే మొదటిసారి. వాడు విసురుగా మెట్లెక్కి పోయాడు, తొమ్మిది రోజులు మా గడప తొక్కలేదు. నా గుండె తరుక్కుపోయింది, రెండుసార్లు బ్యాంకు పుస్తకం జేబులో పెట్టుకుని బయల్దేరాను, రెండుసార్లూ ఆ బస్సు బొమ్మ తీసి చూసుకుని వెనక్కి వచ్చాను. పదో రోజు కోడలు కిందికి వచ్చి, "మామా, అత్తమ్మ కాళ్లు గింత ఖరాబైనయని మాకెవ్వరు జెప్పిన్రు? సంఘంల అందరికి తెల్సు, ఇంట్ల మాకు తెల్వదు!" అంది. ఆ మాట నిజమే కదా! వెనకే సుధాకర్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడి, "నాకు జెప్పొద్దా అమ్మా, నేను అడుగుదునా?" అని ఏడ్చాడు.

షాపు పోయింది, అది నిజం. కానీ వాడు ఉద్యోగం చేసుకుంటూనే తర్వాతి ఏడాది స్నేహితుడితో కలిసి చిన్న సెల్‌ఫోన్ల కౌంటర్ పెట్టుకున్నాడు, మా పైసా లేకుండా! మేరీ తన పాపను ప్లే స్కూల్లో చేర్చింది, ఇప్పుడు సాయంత్రాలు మాత్రమే మా దగ్గర ఉంటుంది. ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో, బందు నాడు ఆటోలు దొరక్కపోతే, సుధాకరే ఎవరి కారో అడిగి తెచ్చి తల్లిని ఆపరేషన్‌కు తీసుకుపోయాడు.

ఇప్పుడు మన రాష్ట్రమూ వచ్చింది, ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లూ లేచాయి, ప్రతి గురువారం దవాఖానాలో జావ పోయడానికి ఆ పిల్లర్ల పక్కనుంచి కరుణమ్మ చకచకా ముందు నడుస్తుంది, జావగిన్నె మోసుకుంటూ నేను వెనక ఆయాసపడతాను. "జల్ది రా, ముసలోడా! జావ సల్లారుతుంది" అంటుంది! ఆమె నన్ను అట్లా విసుక్కున్న ప్రతిసారీ లోపల నేను దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

ప్రియులారా, మన నోటికి రాని మాట కూడా వినే దేవుణ్ని నమ్మండి, మీ భారం ఎంతటిదైనా ఆ డబ్బాలో వేయండి, ఆయన తప్పక జవాబిస్తాడు. అయితే పెద్దమనుషులారా, మీకు ఒక మనవి. ఈరోజు ఇంటికి పోయి మీ ఆడమనిషి పక్కన కూర్చుని, "నీకేం గావాలె?" అని ఒక్కసారి అడగండి. నేను నలభై ఏళ్లు అడగలేదు. దేవునికే మహిమ! ఆయన నా చేత చదివించాడు గనుక నేను విన్నాను.