పీపా చెక్క

మొన్న మంచం ఒక పక్కకు ఊగుతోందని, కోడు కింద పెట్టడానికి చిన్న చెక్కముక్క కోసం మా ఇంటామె అటకంతా వెతికింది. పాత తువాలులో చుట్టిన జానెడు చెక్క దొరికింది. విల్లులా కొంచెం వంగి, తెల్లబారిపోయి ఉంది. "కువైట్ నుంచి అందరూ బంగారం తెస్తే, పొయ్యిలోకి పుల్లలు తెచ్చింది నువ్వొక్కడివే" అంటూ కొడవలితో దాని అంచు చెక్కేసింది. నేను గబగబా వెళ్లి లాక్కున్నాను. ఆమె చేతిలోంచి ఏదీ నేనలా లాక్కున్నవాణ్ణి కాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి.

కువైట్‌లోని ఫింటాస్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక ముసలి దొర దగ్గర పదకొండేళ్లు కారు తోలాను. ఒంటరి మనిషి కాబట్టి ఇల్లు సర్దడం కూడా నా పనే. ఆయన పంపుల ఇంజనీరు. సొంతూరు స్కాట్లండులో డఫ్‌టౌన్. మన మండల కేంద్రమంత కూడా ఉండదట, విస్కీ బట్టీలు మాత్రం ఏ వీధి చివర చూసినా ఒకటట. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ఆ ఊరి సంగతులే. పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉన్న విస్కీ కొంచెం కొంచెంగా గాల్లోకి పోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు, ఆ గాలికి గోడలూ చెట్లూ నల్లగా బూజు పడతాయి. "మా ఊళ్లో గోడలు కూడా తాగుతాయి. తాగనివాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నన్ను కువైట్ తోలేశారు" అనేవాడు, నవ్వకుండా. బట్టీల్లో మిగిలిన బార్లీ పిప్పి ఆవులకు పెడతారని చెప్పినప్పుడు, "మరి ఆ పాలు తాగిన పిల్లోళ్లు బడికి నేరుగా నడిచిపోతారా సార్?" అని అడిగాను. ఆ వారమంతా తలుచుకుని నవ్వాడు.

ఆయన నాన్న పీపాలు చేసే వడ్రంగి. మేకు లేదు, బంక లేదు. ఓక్ చెక్కల్ని ఇనుప కట్లతో బిగిస్తే చుక్క కారేది కాదట. ఆయన చేసిన పీపా ఒకటి పాతబడి విప్పేసినప్పుడు, అందులోంచి ఒక ముక్క మా దొర అడిగి తెచ్చుకున్నాడు. శుక్రవారం పొద్దున టీ ముందు పెట్టుకుని, ఆ చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఇది విస్కీ వాసన కాదు. మా నాన్న పని నుంచి ఇంటికొచ్చినప్పటి చొక్కా వాసన" అన్నాడొకసారి.

నాకు ఆ చొక్కా అర్థం కాలేదు. మందు మీద నిషేధమున్న దేశంలో ఆ వాసన ఏం చేస్తుందో మాత్రం అర్థమైంది. ఫర్వానియాలో మా గదిలో ఉండే రాయచోటి మామకు మాటవరసకు చెబితే అన్నం కలపడం ఆపేశాడు. "ఇఖామా ఖలాస్ రా అల్లుడా, ఇక్కడుండే పర్మిట్టే పోతుంది. ఆయప్పకు విమానం, నీకు జైలు. నేను కాదు సార్, చెక్క తాగిందని చెప్తావా పోలీసోనికి?"

ఆ వేసవిలో దొర మూడు వారాలు సెలవు మీద వెళ్లాడు. పైపులు మార్చడానికి మనుషులు ప్రతి ఇంట్లోకీ వస్తారని బిల్డింగు కాపలా అతను చెప్పాడు. నాకు రాయచోటి మామ మాటే చెవిలో మోగింది. చెక్కను బ్లీచింగు నీళ్లలో ముంచి, బట్టల బ్రష్షుతో తోమి, డాబా మీద ఎండబెట్టాను. నాలుగో రోజుకు ఎండిన ఎముకలా తయారైంది. వాసన పోయిందని సంతోషించాను కూడా.

ఆయన వచ్చిన మొదటి శుక్రవారం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిప్పి మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమైంది దీనికి?"

"ఏసీ ఆపేసి ఉంటిని కదా సార్. ఇన్నేళ్ల చెక్కాయె, వేడికి దానంతటదే పోయిందేమో" అన్నాను. తడబడి అన్న మాట కాదు. ముందే తయారు చేసి పెట్టుకున్నదే. ఇప్పటికీ గుచ్చేది అదే. ఆయన చెక్కను ఒళ్లో పెట్టుకుని, దాని అంచు వెంట బొటనవేలు నడిపాడు. "అయితే మిగిలింది కూడా దేవదూతలు తీసేసుకున్నారన్నమాట" అని, చల్లారిన టీ తాగేశాడు. ఆ తర్వాత శుక్రవారాల్లో దాన్ని బయటికి తియ్యలేదు.

రెండేళ్లకు ఆయన శాశ్వతంగా వెళ్లిపోతూ, ఎయిర్‌పోర్టు ముందు కారు దిగి, ఆ చెక్కను నా చేతిలో పెట్టాడు. "వాసన లేదు కాబట్టి నిన్నెవరూ ఆపరు. అంచు తడిమి చూడు, మా నాన్న చెయ్యి తెలుస్తుంది." చెప్పేద్దామని నోరు తెరిచాను. వెనక బండివాడు హారన్ కొట్టాడు. ఇంకో నిమిషం కొట్టనిచ్చి ఉంటే కొంప మునిగేది కాదు. మరుసటి ఏడాదే ఆయన పోయాడని కంపెనీలో చెప్పారు.

ఇదంతా విని మా ఇంటామె కింద పడిన పెచ్చును తీసి వాసన చూసింది. "ఇదేందబ్బా, బెల్లం పాకం మాడినట్టుంది" అంది. నేనూ చూశాను. పాకం, పొగ, తడి చెక్క. నేను తోమింది పైపొరే. ఆయన వడ్రంగి కొడుకు. తోమేశానని చెప్పి ఉంటే, జేబుకత్తితో గోరంత చెక్కి తన నాన్న చొక్కాను మళ్లీ వెతికి తీసుకునేవాడు. దానంతటదే పోయిందని నేను చెప్పాను కాబట్టి వెతకలేదు.

మంచం కోడు కింద అట్టముక్క పెట్టాం. చెక్క మళ్లీ తువాలులోకి వెళ్లింది. ఆనాడు నా తప్పును కాలం మీదకు నెట్టేశాను. ఆ కాలమే ఇరవై ఏళ్లు ఆ వాసనను జాగ్రత్తగా దాచి, అడిగేవాడు లేని రోజున తెచ్చి నా చేతిలో పెట్టింది.